సగం డాక్టర్లు

జీఏడీ-7 అని ఒక ప్రశ్నపత్రం ఉంది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా అనిపించింది, ఏదో ఘోరం జరగబోతోందన్న భయం ఎంత తరచుగా కలిగింది, ఇలాంటివి ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 21. కోవిడ్ కాలంలో దీన్ని ఆన్‌లైన్‌లో పెట్టి చాలా దేశాల మెడికోల చేత నింపించారు. రీసెర్చ్ పేపర్లు కుప్పలుగా వచ్చాయి. మెడికోలు ఆందోళనలో ఉన్నారని తేల్చాయి.

ఉండకుండా ఎలా ఉంటారు? కానీ ఆ మార్కుల్లో ఒక సంగతి తెలియదు. ఆ భయం దేనికి? జబ్బు అంటుకుంటుందనా, ఇంట్లో అమ్మానాన్నలకు అంటిస్తామనా, పరీక్ష పోతుందనా, వార్డులో నిలబడితే ఏం చేయాలో తెలియదనా? ఈ తేడా అర్థం కావడానికి నాకు సర్వేల కంటే రెండు పాత సంఘటనలు ఎక్కువ పనికొచ్చాయి.

మొదటిది 1918, ఫిలడెల్ఫియా. సెప్టెంబర్ 28న యుద్ధ బాండ్లు అమ్మడం కోసం పెద్ద ఊరేగింపు తీశారు. సుమారు 2 లక్షల మంది రోడ్ల మీదకొచ్చారు. రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి. కొన్ని వారాల్లో ఆ ఒక్క ఊళ్ళోనే 12,000 మందికి పైగా ఇన్‌ఫ్లుయెంజాతో పోయారు. డాక్టర్లూ నర్సులూ చాలామంది అప్పటికే సైన్యంలో ఉన్నారు. మిగిలింది మెడికల్ కాలేజీ కుర్రాళ్ళు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో నాలుగో సంవత్సరం వాళ్ళని ఇంటర్న్‌ల పనిలో, మూడో సంవత్సరం వాళ్ళని నర్సుల పనిలో పెట్టారు.

ఆ మూడో సంవత్సరం వాళ్ళలో ఐజాక్ స్టార్ ఒకడు. తర్వాతి కాలంలో గుండె మీద పరిశోధనలతో పేరు తెచ్చుకున్నాడు. 58 ఏళ్ళ తర్వాత, 1976లో, ఆ రోజుల గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆ జబ్బు గురించి వాళ్ళకి దొరికిన శిక్షణ ఒకే ఒక్క లెక్చర్. సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి దాకా డ్యూటీ. పేషంట్లు వచ్చేటప్పటికి జ్వరం తప్ప పెద్దగా ఏమీ లేనట్టే ఉండేవాళ్ళు. తర్వాత ఊపిరి అందక ఒళ్ళు నీలంగా మారేది. మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి చాలా మంచాల్లో కొత్త మొహాలు.

మామూలుగా విద్యార్థి భయం ఎలా ఉంటుంది? నాకు తెలియదు గానీ సార్‌కి తెలుసు. ఆ ధైర్యం మీదే చదువంతా నడుస్తుంది. 1918లో సార్‌కి కూడా తెలియదు. అప్పట్లో చాలామంది ఆ జబ్బుకి కారణం ఒక బ్యాక్టీరియా అనుకున్నారు. మనుషుల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ని పట్టుకున్నది 1933లో. అంటే మూడో సంవత్సరం కుర్రాడికీ ప్రొఫెసర్‌కీ ఉన్న దూరం ఒక్క నెలలో చెరిగిపోయింది. నీళ్ళు తాగించడం, ఒళ్ళు తుడవడం, పక్కన ఉండడం, ఎవరైనా చేయగలిగింది అంతే.

రెండోది 1952, కోపెన్‌హాగెన్. ఇది మహమ్మారి కాదు, ఒక ఊరి మీద పడ్డ పోలియో. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో మొదటి మూడు వారాల్లో శ్వాస ఆగే స్థితికి వచ్చినవాళ్ళు 31 మంది, వాళ్ళలో 27 మంది చనిపోయారు. ఆసుపత్రి మొత్తానికి ఐరన్ లంగ్ ఒకటే ఉంది. ఛాతీకి బిగించే చిన్న యంత్రాలు ఆరు. ఆగస్టు 27న బ్యోర్న్ ఇబ్సెన్ అనే అనస్థీషియా డాక్టర్ 12 ఏళ్ళ పాపకి గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పంపాడు. పాప బతికింది.

పద్ధతి దొరికింది. కానీ ఆ సంచిని రాత్రీ పగలూ ఎవరు నొక్కాలి? మెడికోలని పిలిచారు. ఒక్కో మంచం పక్కన ఒక్కరు. ఒక దశలో ఒకేసారి 70 మంది పేషంట్లు ఇలా విద్యార్థుల చేతుల మీద బతికారు. అంతా కలిపి సుమారు 1,500 మంది విద్యార్థులు, 1,65,000 గంటలు. మరణాల శాతం సగానికి పైగా పడిపోయింది. మర్నాడు ఐసీయూ అని మనం పిలుచుకోబోయే గది ఆలోచన ఇక్కడే పుట్టింది.

ఆ పిల్లలకి భయం లేదా? ఎందుకు ఉండదు. పేషంట్ మెలకువగానే ఉంటాడు, గొంతులో గొట్టం కాబట్టి మాట రాదు, కళ్ళతోనే చెప్పాలి. చేతులు ఆగితే ఊపిరి ఆగుతుంది. తమ చేతుల్లోనే పేషంట్లు పోవడం చూసినవాళ్ళూ ఉన్నారు. కానీ ఫిలడెల్ఫియాలో లేనివి ఇక్కడ రెండు ఉన్నాయి. చేసే పనికి ఫలితం కనపడుతోంది. షిఫ్ట్ అయ్యాక సంచిని అందుకోవడానికి ఇంకొకరు వస్తారు. నా ఉద్యోగంలో ఆన్‌కాల్ చేసేవాళ్ళకి ఈ రెండోదాని విలువ బాగా తెలుసు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోవడం కంటే, తర్వాత డ్యూటీకి ఎవరొస్తారో తెలియకపోవడం మనిషిని ఎక్కువ తినేస్తుంది. అక్కడ పోయేది సర్వరే, మనిషి కాదు. అయినా సరే.

ఇప్పుడు 2020కి రండి. దేశానికో తీరు. ఇటలీలో చివరి అర్హత పరీక్ష రద్దు చేసి సుమారు 10,000 మందిని ముందే డాక్టర్లని చేశారు. అమెరికాలో మార్చిలో విద్యార్థుల్ని పేషంట్లకి దూరంగా ఉంచమని మెడికల్ కాలేజీల సంఘం సలహా ఇచ్చింది. మన దగ్గర మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. మెడికోలు ఇంటికెళ్ళి ఫోన్‌లో క్లాసులు విన్నారు. స్టెతస్కోప్ పెట్టి వినాల్సిన శబ్దాన్ని ఇయర్‌ఫోన్స్‌లో విన్నారు. ఒకరిది పిలిచారన్న భయం, ఇంకొకరిది పిలవలేదన్న భయం. జీఏడీ-7లో ఇద్దరికీ అవే మార్కులు పడొచ్చు.

వార్డుల్లో మిగిలిన ఇంటర్న్‌లూ పీజీలూ మన మాటల్లో 'కరోనా వారియర్లు' అయ్యారు. 2020 జూన్‌లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒక కోవిడ్ పేషంట్ చనిపోతే బంధువులు డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్‌ని కొట్టారు. జూడాలు రోడ్డెక్కారు. 2021 మే నెలలో తెలంగాణ జూడాలు సమ్మెకి దిగారు. వాళ్ళు అడిగినవాటిలో స్టైపెండ్ పెంపు ఒకటి, తమకి జబ్బు చేస్తే నిమ్స్‌లో వైద్యం ఒకటి. సెకండ్ వేవ్‌లో సమ్మె ఏమిటని చాలామంది విసుక్కున్నారు. నాకైతే అవి ఆ ప్రశ్నపత్రంలో లేని ప్రశ్నలకి జవాబుల్లా కనిపిస్తాయి. నేను పడిపోతే నన్నెవరు చూస్తారు? ఆందోళనలో సగం ఇదే అయినప్పుడు దానికి మందు కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ కాదు, ఒక మంచం.

మిగతా సగం గురించి. 2021 ఏప్రిల్ 18న జరగాల్సిన నీట్ పీజీ వాయిదా పడింది. పరీక్ష రాయాల్సినవాళ్ళని కోవిడ్ డ్యూటీలకి వాడుకోవాలని, ఇంకో నాలుగు నెలలైనా పెట్టబోమని మే 3న కేంద్రం ప్రకటించింది. ఎంబీబీఎస్ ఫైనలియర్ వాళ్ళు ఫోన్‌లో సలహాలివ్వాలి, తేలికపాటి కేసులు చూడాలి. చివరి సంవత్సరం పీజీలు కొత్త బ్యాచ్ వచ్చేదాకా కొనసాగాలి. ఆ రోజుల్లో అది తప్పనిసరే కావచ్చు. కానీ పరీక్ష సెప్టెంబర్ 11న జరిగింది. తర్వాత రిజర్వేషన్ల కేసు కోర్టులో నడిచింది. కౌన్సెలింగ్ మొదలైంది 2022 జనవరిలో. అంటే దేశమంతా నెలల తరబడి ఒక బ్యాచ్ తక్కువతోనే ఆసుపత్రులు నడిచాయి.

కోపెన్‌హాగెన్ విద్యార్థికి తన గంటలు అయ్యాక సంచి అందుకునే చేతులు వచ్చాయి. మన పీజీలకి రావాల్సిన చేతులు ఎక్కడో పరీక్ష తేదీ కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాయి.