కరిసల్ ఎండలో పతకాల పూలు

కోవిల్‌పట్టి. పొద్దున తొమ్మిదన్నా కాలేదు, చిత్తిర ఎండ అప్పుడే మెడ మీద కూర్చుంది. వీధిలో తమిళం, గడప దాటితే తెలుగు. తెలుగింట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఊరు ఇడైసెవల్ ఇక్కడికి దగ్గరే మరి.

"రా నాయనా, మేడ మీదికి పోదాం" అంటుంది ఇంటావిడ. మెట్లు చెప్పుల్లోంచే కాలుతున్నాయి. పైన పిట్టగోడ పొడవునా కుండీలు. మొదటిదాని ముందు వంగండి: ముదురు ఊదా, దాదాపు నలుపనిపించే రేకులు, నడుమ తెల్లటి చుక్క. మన బిళ్లగన్నేరే. రకం పేరు 'జామ్స్ ఎన్ జెల్లీస్ బ్లాక్‌బెర్రీ', 2012లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతి గెలిచింది. 1932లో మొదలైన ఆ సంస్థ పద్ధతి నాకు నచ్చుతుంది. ఇంకా అంగట్లోకి రాని రకాన్ని, ఎవరిదో చెప్పకుండా, అలాంటి పాత రకాల పక్కన పెంచి మార్కులు వేయిస్తారు. కాకపోతే ఆ మడులన్నీ ఉత్తర అమెరికాలోనివి.

కుండీలో వేలు గుచ్చండి. నల్లమట్టి కాదు, ఎర్రమన్నూ ఇసకా.

"ఎండకు సావదు నాయనా, తడికి సస్తాది."

నిజమే. కింద పెరడంతా కరిసల్, అంటే నల్లరేగడి. ఎండితే నెర్రెలు, వాన పడితే నీటిని వదలని బంక. బిళ్లగన్నేరు వేరు అందులో కుళ్లిపోతుంది. ఆ నేలకు తగ్గ పత్తి, జొన్న కోసం ఈ ఊరి పరిశోధనా కేంద్రం 1901 నుంచీ పాటుపడుతోంది. పూలకైతే ఆవిడ కుండీలే దారి.

పక్కనే ప్రొఫ్యూజన్ జిన్నియా. నారింజ, చెర్రీ రంగులకు 1999లో అదే సంస్థ బంగారు పతకం, ఎరుపు పసుపు కలిసినదానికి 2021లో. ఆకు తిప్పి చూడండి. పాత జిన్నియాలకు పట్టే బూడిద తెగులు మచ్చుకైనా లేదు. వాడిన పూలు తుంచే పనీ లేదు, కొత్తవి పైకొచ్చి కప్పేస్తాయి. పతకం సంగతి అటుంచి, బద్ధకస్తులకు ఇంతకు మించిన మొక్క నేను చూడలేదు.

మధ్యాహ్నం బస్సు సాత్తూరు దాటి విరుదునగర్ చేరుతుంది. మారియమ్మన్ గుడి దగ్గరి పూలంగట్లో కోడిజుట్టు పూలు కట్టలు కట్టలు. తడిమితే మఖ్‌మల్, దులిపితే నిగనిగలాడే నల్లటి గింజలు. ఆల్ అమెరికా 2024 విజేత 'ఫ్లామా ఆరెంజ్' దీని చుట్టమే, కుచ్చులా నిలబడే రకం. దండలో కోడిజుట్టు ఎండినా రంగు పోదు, అందుకే అమ్ముడవుతుంది. అడిగితే రాలిన గింజలు కాగితంలో చుట్టి ఊరకనే ఇస్తారు. ఆ విజేత రకానికైతే పాకెట్ మీద గింజల లెక్క ఉంటుంది.