కోటిపల్లి - నరసాపురం రైలు మార్గం

కోటిపల్లి - నరసాపురం రైలు మార్గం గోదావరి డెల్టాలోని కోనసీమ మీదుగా తలపెట్టిన బ్రాడ్‌గేజి మార్గం. దీని పొడవు 57.21 కిలోమీటర్లు. 2000-01 రైల్వే బడ్జెట్టులో ఇది మంజూరైంది. నిర్మాణ వ్యయంలో నాలుగవ వంతు రాష్ట్ర ప్రభుత్వం, మిగిలినది రైల్వే శాఖ భరించాలన్నది దీని నిధుల ఏర్పాటు. ఒక ప్రాంతపు రవాణాకు దేశ ప్రజలందరి పన్ను వాడాలా, ఆ ప్రాంతం వారి పన్ను వాడాలా అన్న ప్రశ్నకు ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ మార్గం చక్కని ఉదాహరణ.

== భౌగోళిక నేపథ్యం ==
కోనసీమకు ఒకవైపు సముద్రం, మిగిలిన వైపుల గోదావరి పాయలు ఉన్నాయి. గౌతమి తూర్పున, వసిష్ఠ పడమట ప్రవహిస్తుండగా, వైనతేయ నడుమనుండి పోయి సముద్రంలో కలుస్తుంది. అందువల్ల ఇక్కడ రవాణా అంటే ప్రధానంగా ఏరు దాటడమే. వంతెనలు రాకముందు ప్రజలు రేవులలో పడవలు, పంటుల మీద ఆధారపడేవారు. యానాం - ఎదుర్లంక వంతెన 2002లో ప్రారంభమైంది. రోడ్డు సౌకర్యం మెరుగుపడినా, అమలాపురం ప్రజలు రైలెక్కడానికి రాజమండ్రికో కాకినాడకో, రాజోలు ప్రజలు పాలకొల్లుకో నరసాపురానికో వెళ్ళవలసి వస్తున్నది. కొత్తపేట వైపు వారు రావులపాలెం మీదుగా జాతీయ రహదారిని చేరుకుంటారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు సరకు లారీలపైనే తరలుతుంది.

== చరిత్ర ==
కాకినాడ - కోటిపల్లి మార్గం (45 కి.మీ.) 1928లో నిర్మించబడింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, పట్టాల అవసరం కొద్దీ దానిని తొలగించారు. మళ్ళీ నిర్మించి రైళ్ళు నడపడానికి 2004 వరకు పట్టింది. యుద్ధ అవసరం దేశానిది కాగా, అరవైనాలుగేళ్ళ పాటు రైలు లేకుండా ఉన్నది ఈ ప్రాంతం. కేంద్రమే భారం వహించాలనేవారు ఈ సంగతిని తరచు గుర్తుచేస్తారు.

ఈ మార్గాన్ని కోనసీమ మీదుగా నరసాపురం దాకా పొడిగించడానికి అమలాపురం లోక్‌సభ సభ్యుడు, లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి.బాలయోగి కృషి చేశాడు. మార్గం మంజూరైన తరువాత, 2002 మార్చి 3న ఆయన హెలికాప్టరు ప్రమాదంలో మరణించాడు.

== వ్యయం ==
గౌతమి, వైనతేయ, వసిష్ఠ - ఈ మూడింటిపై నిర్మించవలసిన పెద్ద వంతెనలే ఖర్చులో ముఖ్యభాగం. మంజూరైన తరువాత సవరించిన ఒక అంచనా ప్రకారం మొత్తం వ్యయం 2,120 కోట్ల రూపాయలు, అంటే కిలోమీటరుకు సుమారు 37 కోట్లు. ఇందులో రాష్ట్రం వాటా 530 కోట్లు.

2022లో ఏర్పడిన కోనసీమ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 17.19 లక్షలు. మొత్తం వ్యయాన్ని ఆ జిల్లా వారే భరిస్తే తలకు పన్నెండు వేల రూపాయలకు పైగా, రాష్ట్ర వాటా మాత్రమే భరిస్తే మూడు వేలకు పైగా పడుతుంది. పసిపిల్లలు, వృద్ధులు కూడా ఈ లెక్కలో ఉన్నారు.

== నిధుల బాధ్యత ==
=== రాజ్యాంగం ===
ఏడవ షెడ్యూలు ప్రకారం రైల్వేలు, జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో ఉన్నాయి. ఇతర రోడ్లు, వంతెనలు, రేవులు రాష్ట్ర జాబితాలోనివి. కనుక రైలు మార్గానికి వాటా చెల్లించవలసిన విధి రాష్ట్రానికి లేదు. అది కేవలం ఒప్పందం వల్ల ఏర్పడుతుంది. ఈ వాటా అన్నిచోట్లా ఒకే తీరుగా కూడా లేదు. నడికుడి - శ్రీకాళహస్తి, కడప - బెంగుళూరు మార్గాలకు రాష్ట్రం సగం భరించడానికి అంగీకరించింది.

=== కేంద్రమే భరించాలనే వాదం ===
రైలు ఒక జిల్లాకే పరిమితం కాదు. కాకినాడ, నరసాపురం కలిస్తే తీరం వెంబడి మరొక దారి ఏర్పడుతుంది. సముద్రగర్భంలో తీసే సహజవాయువుపై రాయల్టీ కేంద్రానికే చెందుతుంది కనుక, ఆ రాబడిలో కొంత తీరప్రాంతానికి తిరిగి రావాలని కూడా వాదిస్తారు. అమెరికాలో 1956 చట్టం కింద అంతర్రాష్ట్ర రహదారుల వ్యయంలో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వం భరించింది.

=== స్థానిక వాటా ఉండాలనే వాదం ===
రైలు వస్తే భూమి విలువ, వ్యాపారం పెరిగేది ఆ ప్రాంతంలోనే. సొంత సొమ్ము పెట్టినవారు పనిని గట్టిగా అడగగలరు. ఇది కొత్త ఆలోచన కాదు. మద్రాసు రాజధానిలో తంజావూరు జిల్లా బోర్డు ప్రత్యేక సెస్సు వసూలు చేసి, 1894లో మాయవరం - ముత్తుపేట మార్గాన్ని తెరిపించింది. అయితే నేటి జిల్లా పరిషత్తులకు అంతటి ఆదాయ వనరు లేదు. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2020లో పెట్రోలు, డీజిలుపై లీటరుకు ఒక రూపాయి రోడ్ల సెస్సు విధించింది. అది జిల్లాకు కాక రాష్ట్రానికి చేరే ఆదాయం.

== ఉమ్మడి వాటాలోని చిక్కు ==
ఇద్దరు కలిసి భరించే పనిలో ఒకరి సొమ్ము ఆగితే రెండవవారి సొమ్మూ నెమ్మదిస్తుంది. రైల్వే ఏటా కేటాయింపులు చేస్తుంది. భూసేకరణ రాష్ట్ర రెవెన్యూ యంత్రాంగం చేతిలో ఉంటుంది. కోనసీమలో సేకరించవలసినది ఎక్కువగా కొబ్బరి తోట, వరి పొలం. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం వల్ల రైతుకు పరిహారం పెరిగింది, దానితో అంచనా కూడా పెరిగింది. అంచనా పెరిగితే నాలుగవ వంతు కూడా పెరుగుతుంది. ఆలస్యం చేసినవారి బాకీయే బరువవుతుంది. రాష్ట్ర వాటా జమ కాలేదని కేంద్రం, కేటాయింపులు చాలవని రాష్ట్ర నాయకులు చెబుతూ వచ్చారు. మంజూరైన ఇరవై ఏళ్ళకు కూడా మార్గం పూర్తి కాలేదు. గౌతమిలో వంతెన స్తంభాలు లేచినా, కోటిపల్లికి వచ్చిన రైలు ఏటి ఒడ్డున ఆగిపోవలసి వచ్చింది.

కనుక ఎవరి పన్ను అన్నదానితో పాటు, ఒకరి వాటా ఆలస్యమైనప్పుడు పని ఆగకుండా ఎవరు పూచీ పడతారన్నది కూడా ముందే తేలవలసిన విషయమని ఈ మార్గం చరిత్ర సూచిస్తున్నది.

== ఇవి కూడా చూడండి ==
* కోనసీమ
* జి.ఎం.సి.బాలయోగి
* గోదావరి నది
* దక్షిణ మధ్య రైల్వే