నాలుక ముడి, పెదవి ముడి: ఆపరేషన్ ఎప్పుడు అవసరం?

నాలుక కింద ఉండే సన్నని పొర పుట్టుకతోనే పొట్టిగా, బిగుతుగా ఉంటే దాన్ని టంగ్ టై అంటారు. పై పెదవిని చిగురుకు కలిపే పొర బిగుతుగా ఉంటే లిప్ టై.

పొర కనిపించినంత మాత్రాన కోయించక్కర్లేదు. ఇలాంటి పిల్లల్లో చాలామంది ఇబ్బంది లేకుండానే పాలు తాగుతారు. బిడ్డ రొమ్ము సరిగా పట్టకపోయినా, తల్లికి చనుమొనలు పుండ్లు పడినా, బిడ్డ బరువు పెరగకపోయినా ముందు పాలిచ్చే తీరు సరిచేసి చూడాలి. అప్పటికీ తగ్గకపోతేనే ఆపరేషన్ మాట.

పసిపిల్లలకు చేసేది ఫ్రీనాటమీ. కత్తెరతో పొరను కత్తిరిస్తారు. నిమిషాల్లో అయిపోతుంది, రక్తం మామూలుగా కొన్ని చుక్కలే, వెంటనే పాలు పట్టొచ్చు. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ వేశారా, కుటుంబంలో రక్తం గడ్డకట్టని జబ్బు ఉందా అన్నది డాక్టర్‌కు ముందే చెప్పాలి. కోసిన చోట కొన్నాళ్లు కనిపించే తెల్ల మచ్చ చీము కాదు. పెద్ద పిల్లలకైతే మత్తు ఇచ్చి, కుట్లు వేసే ఫ్రీనులోప్లాస్టీ చేస్తారు.

302 మంది శిశువులపై జరిగిన 5 పరీక్షలను 2017లో కోక్రేన్ సమీక్ష పరిశీలించింది. కోత వల్ల తల్లి నొప్పి కొంతకాలం తగ్గిందని, బిడ్డ పాలు తాగడంలో మాత్రం అన్నిచోట్లా మేలు కనిపించలేదని తేల్చింది. లిప్ టై కోస్తే పాలు బాగా తాగుతారనడానికి గట్టి ఆధారం లేదు. ముందు పళ్ల మధ్య సందు కూడా శాశ్వత దంతాలు వచ్చాక చాలావరకు మూసుకుంటుంది.

“నాలుక తీగ కోయిస్తే మాటలొస్తాయి” అన్నది నిజం కాదు. బిగుతు ఎక్కువైతే ర, ల వంటి కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు. మాటలే ఆలస్యమైతే మాత్రం ముందు వినికిడి పరీక్ష చేయించాలి.