పందికొక్కు పేరు - ముందుపళ్ళ సాక్ష్యము

నెల్లూరు, గూడూరు పట్టణముల నడుమనున్న మనుబోలు వరి పండు సీమ. పైరు వెన్ను తీసిన దినములలో గట్టుమీద క్రొత్తగా తోడిన మట్టికుప్ప కనిపించినచో రైతు గుండె జల్లుమనును. అది పందికొక్కు కలుగునకు గుర్తు. ఆ జంతువు దుబ్బులను కొరికి, వెన్నులను కలుగులో దాచును. నెల్లూరు సీమ యానాదులు కుండలో గడ్డి రగిల్చి, కలుగులోనికి పొగ ఊది దానిని పట్టుటలో తరతరములుగా ఆరితేరినవారు.

ఇంత నష్టమునకు మూలము నాలుగు పళ్ళు: పై దవడలో రెండు, క్రింది దవడలో రెండు. వీనిని కుంతకములందురు. వీని ముందువైపుననే గట్టి పింగాణి పొర కలదు. వెనుకనున్న డెంటిన్ అంతకంటె మెత్తనిది. మెత్తని భాగము త్వరగా అరుగుటచే పంటి అంచు వడ్రంగి ఉలివలె తనంత తానే పదునెక్కును. ఈ పళ్ళు జీవితాంతము పెరుగుచునే యుండును. ఎలుకలో వారమునకు 2, 3 మిల్లీమీటర్లు పెరుగును. పై పళ్ళు, క్రింది పళ్ళు ఒరసికొని అరుగుచుండును. ఒకటి విరిగినచో ఎదుటిది అడ్డులేక పెరిగిపోవును; తుదకు జంతువు మేత తినలేక చచ్చును.

ముందుపళ్ళనుబట్టి జంతువులను వర్గీకరింపవచ్చునని శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే తలచిరి. 1758లో స్వీడను దేశీయుడగు లిన్నేయస్ ఎలుక, ఉడుత, ముళ్ళపంది, కుందేలు మొదలగువానిని ఒకే గణమున చేర్చెను. వింత యేమనగా, ఖడ్గమృగమును గూడ అందులోనే చేర్చెను! పళ్ళ లెక్క ఒక్కటే చాలదని దీనివలన తెలియుచున్నది.

కుందేలు సంగతి మరింత సూక్ష్మమైనది. దాని పై కుంతకముల వెనుక మరి రెండు చిన్నపళ్ళు దాగియున్నవి. పింగాణియు పంటి చుట్టును ఉండును. ఇట్టి భేదములనుబట్టి 1912లో అమెరికా శాస్త్రజ్ఞుడు గిడ్లీ కుందేళ్ళు వేరొక గణమని వాదించెను. నేడు అదియే అంగీకృతము. అయినను ఈ రెండు గణములును దగ్గరి చుట్టములేయని ఇటీవలి జన్యుపరిశోధనలు తెల్పుచున్నవి. లిన్నేయస్ పూర్తిగా పొరబడలేదన్నమాట.

ఇక పేరు సంగతి. పందివలె గురగురలాడు పెద్ద ఎలుక గనుక తెలుగువారు దీనిని పందికొక్కు అనిరి. ఆ మాటయే ఆంగ్లేయుల నోట ‘బాండికూట్’ అయ్యెను. 1873లో గ్రే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి ‘బాండికోటా’ అని నామకరణము చేసెను. మన సేద్యగాని మాట ఇట్లు శాస్త్రమున స్థిరపడినది.

ఆ పేరే సముద్రము దాటి ఆస్ట్రేలియాకును పోయినది. పొడుగుమూతితో నేలను త్రవ్వు ఒక జంతువును చూచి ఆంగ్లేయులు దానిని గూడ బాండికూట్ అనిరి. కాని అది పిల్లను సంచిలో పెంచు జాతి. దాని నోరు తెరచి చూచిన సామాన్యముగా పైన 10, క్రింద 6 చిన్న కుంతకములు కనిపించును. మొత్తము పళ్ళు 48. మన పందికొక్కునకో 16 మాత్రమే.

పోలికను చూచి పెట్టిన పేరు ఎంత దూరమైనను పోవచ్చును. చుట్టరికము తేల్చవలసినపుడు మాత్రము నోరు తెరచి చూడవలసినదే. చూచునపుడు ముందుపళ్ళ వెనుక ఏమున్నదో గూడ చూడవలెను.