ఇంటి కంచె

గత వేసవిలో కడప జిల్లాలోని మా పూర్వుల ఇంటికి వెలుపలి మరమ్మతులు చేయింపదలచితిమి. మిద్దె గోడలకు సున్నము కొట్టించుట, అరుగుమీద పగిలిన బండలను మార్పించుట నాలుగు దినముల పని. అవి తొందరగానే ముగిసినవి. పెరటి కంచె దగ్గరకు వచ్చుసరికి పని నిలిచిపోయినది. మేస్త్రీ ప్రహరీగోడ లేపుదమనెను. ముళ్ళతీగ చాలునని మా తమ్ముడనెను. మా చిన్నాయనగారు అరుగుమీద కూర్చుండి, "కంచె వేయుట సులభమే నాయనా, అది రేపు ఏమి మేయునో ముందు చూచుకొనండి" అనిరి. అప్పటికి నవ్వుకొంటిమి. కంచెల పూర్వకథను తిరుగవేసి చూచిన పిమ్మట ఆ మాటలో హాస్యమేమియు లేదని తెలిసినది.

మన పల్లెలలో కంచె యనగా ఏటేట వేసికొనునది. రేగుకంపయో తుమ్మకంపయో తెచ్చి దడి కట్టిన, ఏడాది తిరుగునప్పటికి అది క్రుళ్ళి సగము పొయ్యిలోనికి పోవును. ఈ శ్రమ తప్పించుకొనుటకే పశువులు ముట్టని మొక్కలను పాదుకొల్పు వాడుక ఏర్పడినది. బొమ్మజెముడు, వావిలి మన నేలవే. అడవి ఆముదము, కిత్తనార, నాగజెముడు మాత్రము సముద్రము దాటి వచ్చినవి. ఈ మూడింటి పుట్టిల్లు అమెరికా ఖండమే. పేర్లు చూచిన మన తాతముత్తాతల నాటివని భ్రమ కలుగును!

వీనిలో నాగజెముడు కథ చిత్రమైనది. పడగవంటి రెమ్మ నొకదానిని నేలమీద పడవేసిన చాలును, వేరు దిగును. నీరక్కరలేదు, కావలి యక్కరలేదు. ఇంతకంటె చౌకయైన కంచె ఏమున్నది? కాని అది గట్టుమీదనే నిలువలేదు. దక్షిణదేశమున బీళ్ళను, పొలములను ఆక్రమించి పాములకు, తేళ్ళకు నెలవైనది. నరికిపోసిన ముక్కలు మరల మొక్కలయ్యెను.

జెముడుమీద బ్రతుకు పురుగొకటి కలదు. మెక్సికో దేశమున దాని నెండబెట్టి మేలైన ఎర్రరంగు తీయుదురు. ఆ వర్తకము స్పెయిన్ వారి చేతిలో నుండుట చూచి ఈస్టిండియా కంపెనీ వారికి ఆశ పుట్టినది. మద్రాసులో వైద్యుడుగా నుండిన జేమ్స్ ఆండర్సన్, పురుగు చేతికి రాకమునుపే దాని మేతకై సైదాపేటలో జెముడు తోట వేయించెను. తుదకు 1795లో బ్రెజిల్ నుండి పురుగు కలకత్తా చేరినది. తీరా చూడగా అది మేలుజాతి కాదు. రంగు నాసిరకము, వర్తకము సాగలేదు. ఆ పురుగు జెముడులో వేరొక జాతిని తినివేసినది గాని నాగజెముడు జోలికి పోలేదు. 1926లో సింహళమునుండి మరియొక జాతి పురుగును తెప్పించి విడిచిన పిమ్మటనే, అయిదారేండ్లలో నాగజెముడు పొదలు ఎండి కూలినవి. చేనును మేసిన కంచెను పురుగు మేసినదన్నమాట.

అయితే చేనును మేయు రెండవ కంచె అప్పటికే మా జిల్లాలో కాలు మోపియున్నది. మెట్టభూములలో వంటచెరకు పెంచు తలంపుతో మద్రాసు అటవీశాఖవారు జమైకా ద్వీపమునుండి విత్తనములు తెప్పించి, 1877 ప్రాంతమున కమలాపురము దగ్గర నాటించిరి. అదియే సర్కారు తుమ్మ. పేరే దాని జన్మవృత్తాంతమును చెప్పుచున్నది. ఆకును పశువులు ముట్టవు. కాయలను మాత్రము మేకలు, గొఱ్ఱెలు ఇష్టముగా తినును. పేడతోను, పెంటికలతోను పడిన విత్తు పడినచోటనే మొలచును. చెరువు కడుపులు, కాలువ గట్లు, బీళ్ళు, ఒకటేమి, అన్నియు దానివైనవి. దీనిని తిట్టుట సులభము. దీని కట్టెతో, బొగ్గుతో పొయ్యి వెలిగించుకొన్న పేద కుటుంబములు లెక్కకు మిక్కిలి. కరవునాడు ఆదుకొన్నవానిని కలిమి వచ్చినపుడు మెడపట్టి గెంటుటవలె మాకు కొంత సంకోచము కలుగకపోలేదు.

కాని మా పెరటి కంచెయు సర్కారు తుమ్మయే. ఎండుకంప మోసి విసిగిన మా తాతగారు దానిని పెరుగనిచ్చిరట. నిమ్మచెట్టు ఎందుకు గిడసబారినదో, మల్లెపాదు ఎందుకు నిలువలేదో మా జేజికి తెలిసియే యుండును. ఆమె మాట ఎవరు వినిరి?

ప్రహరీగోడ వలదనుకొంటిమి. గోడ లేచిన, అరుగుమీద కూర్చున్నవారికి వీథిలో పోవువారు కనబడరు, పలుకరింపు ఉండదు. ఊరిచుట్టు దొరకు నాపబండలను నడుమెత్తున నిలువుగా పాతించి, వాని వెనుక గోరింట వరుస నాటించితిమి. తుమ్మను పైకి నరికిన చాలదు. మొద్దునుండి మరల చిగిర్చును గనుక, మూరెడులోతు త్రవ్వి మొదటి దుంపను పెకలించవలసివచ్చినది. గోడకంటె ఈ త్రవ్వకమునకే కూలి ఎక్కువైనది. మేస్త్రీ ఆ మాట ఇప్పటికిని ఎత్తిపొడుచుచునే యున్నాడు.

మొన్నటి వానలకు గోరింట రెండు జేనలు లేచినది. దాని నడుమ రెండుచోట్ల తుమ్మ మొలక తల యెత్తినదని చిన్నాయనగారు కబురంపిరి. వచ్చునపుడు క్రొత్త గడ్డపార యొకటి తెమ్మనిరి.