పెట్టె ఉన్నోళ్ళ చరిత్ర

చరిత్రను దాచుకోవాలంటే ముందు ఒక పెట్టె ఉండాలె. పెట్టె పెట్టుకోవడానికి కురవని ఇల్లుండాలె. ఆ ఇంటికింద సొంత జాగుండాలె. మెన్నొనైట్ రైతుల చరిత్ర చదివినంక ఈ సంగతి నాకు మరింత తేటపడ్డది.

మెన్నొనైట్లు యుద్ధం పాపమని నమ్మిన క్రైస్తవులు. రష్యాలో నిర్బంధ సైనిక సేవ వస్తున్నదని 1870లలో మొదలుపెట్టి సుమారు 18 వేలమంది ఉత్తర అమెరికాకు తరలిపోయిన్రు. 1874లో కాన్సాస్ చేరినోళ్ళు రైల్వే కంపెనీ దగ్గర భూములు కొన్నరు. చెక్కపెట్టెల్లో జర్మన్ బైబిలు, గోడగడియారం, టర్కీ రెడ్ గోధుమ విత్తనం తెచ్చుకున్నరు. పుట్టుకలు, పెండ్లిళ్ళు, చావులు బైబిలు పేజీల్లోనే రాసుకున్నరు. గోసెల్, నార్త్ న్యూటన్ ఊర్ల మ్యూజియాల్లో ఆ రైతుల సామాన్లు ఇయ్యాల్టికీ భద్రంగున్నయి.

అయితే అంతకుముందు ఆ గడ్డినేలల్లో వేటాడి బతికిన కాన్సా తెగను ప్రభుత్వం 1873లోనే ఇండియన్ టెరిటరీకి తోలేసింది. రాష్ట్రానికి వాళ్ళ పేరు మిగిలింది. వాళ్ళకు నేల మిగలలేదు.

ఆ మెన్నొనైట్లకూ మన వాడలకూ సంబంధముంది. 1889లో రష్యా నుంచి బయల్దేరిన అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పనిచేసిండు. 1899లో అమెరికా మిషనరీలు నిజాం రాజ్యానికొచ్చిన్రు. నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగర్, దేవరకొండ, వనపర్తి, గద్వాల సంఘాల్లో చేరినోళ్ళు ఎక్కువమంది మాల మాదిగలే. మిషనరీల ఉత్తరాలు, ఫోటోలు కాన్సాస్, కాలిఫోర్నియా ఆర్కైవులకు చేరినయి. ఆ ఫోటోల్లో మనోళ్ళున్నరు. దొర పేరు కిందుంటది. పక్కన నిలబడ్డ మనిషి తరచుగా ‘బైబిలు స్త్రీ’, ‘దేశీ బోధకుడు’ మాత్రమే.

మా అవ్వ కూడా బైబిలు స్త్రీయే. ఆమె బాప్తిస్మం కాగితం గుడిసె కూలిన యేడు వానకు నానిపోయింది. మా ఇంట్ల మిగిలింది తాత ఆరె, రంపె. ఆ ఆరెతోనే ఆయన పటేండ్ల బాయికి మోట బొక్కెన కుట్టేటోడు. గోధుమ రైతు సామాను మ్యూజియంకెక్కింది, మంచిదే. మరి తాత కుట్టిన బొక్కెనతో తడిసిన పొలం ఎవరి లెక్కల రాసిన్రు? సేద్యం చరిత్రంటే భూమి ఉన్నోళ్ళ చరిత్రేనా?

పెట్టె లేదని ఊరుకుంటే ఉన్నది కూడా పోతది. సంఘాల పాత రిజిస్టర్లు చెదలు పట్టకముందే నకలు తీయాలె. ఆరెలు, రంపెలు, డప్పులు ఎవరివో పేరుతో సహా రాసిపెట్టాలె. ఆర్కైవుల నుంచి ఫోటోల నకళ్ళు తెప్పించి వాడల్లో ముసలోళ్ళ ముందు పెట్టాలె. వీళ్ళెవరని అడగాలె. వాళ్ళు చెప్పిన పేర్లు రాసి, మళ్ళ ఆ ఆర్కైవులకే పంపాలె.