డెన్మార్క్ సంక్షేమ వ్యవస్థ, వలసలు

పన్నుల డబ్బుతో నడిచే సంక్షేమంలో కొత్తగా వచ్చినవారికి ఎంత వాటా, ఎప్పటినుంచి అన్న వాదం డెన్మార్క్‌లో దశాబ్దాలుగా సాగుతోంది. దాని మూలం 1891 నాటి వృద్ధాప్య సహాయ చట్టంలో ఉంది. అంతకు రెండేళ్ల ముందు బిస్మార్క్ జర్మనీ పింఛనును కార్మికులు, యజమానులు కట్టే చందాలతో ముడిపెట్టింది. డెన్మార్క్ మాత్రం ఖజానా నుంచే ఇచ్చింది. 1933లో మంత్రి స్టైన్‌కే తెచ్చిన సంస్కరణలు ఆ సాయాన్ని హక్కుగా మలిచాయి. చందాతో పనిలేకుండా నివాసమే అర్హత అయితే, నిన్న వచ్చినవారూ హక్కుదారులే. చిక్కంతా అక్కడుంది.

మొదట్లో అదెవరికీ పట్టలేదు. 1960ల చివర టర్కీ, యుగోస్లావియా, పాకిస్తాన్‌ల నుంచి వచ్చిన కార్మికులు పని చేసి పన్ను కట్టేవారు. 1973లో ప్రభుత్వం విదేశీ కార్మికుల రాకను ఆపేసింది. ఆ తర్వాత కుటుంబ సభ్యులు, శరణార్థులు వస్తూనే ఉన్నారు. వారిలో చాలామందికి చేతిలో ఉద్యోగం లేదు.

2001 ఎన్నికల్లో వలసలే పెద్ద చర్చ. డేనిష్ పీపుల్స్ పార్టీ మద్దతుతో ఆండర్స్ ఫో రాస్ముసెన్ ప్రభుత్వం ఏర్పడి, 2002లో 'స్టార్ట్‌యెల్ప్' అనే తగ్గింపు భత్యం తెచ్చింది. గత ఎనిమిదేళ్లలో ఏడేళ్లు దేశంలో నివసించనివారికి, కొన్ని కుటుంబాల్లోనైతే దాదాపు సగానికి, సాయం తగ్గింది. కాగితం మీద ఇది విదేశాల నుంచి తిరిగొచ్చే డేన్‌లకూ వర్తించేదే. దెబ్బ తగిలింది మాత్రం శరణార్థులకు.

ఫలితాలు ఏ పక్షానికీ పూర్తిగా అనుకూలించలేదు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చేవారు తగ్గారని ఆర్థికవేత్త హెన్రిక్ క్లేవెన్ బృందం తేల్చింది. క్రిస్టియన్ డస్ట్‌మన్ తదితరుల అధ్యయనంలో మరో కోణం కనిపిస్తుంది: ఉపాధి మొదట పెరిగినా ఆ ప్రభావం నిలవలేదు, చాలామంది మహిళలు పని వేటే మానుకున్నారు, దుకాణాల్లో దొంగతనాలు పెరిగాయి, పిల్లల చదువు దెబ్బతింది. ఖజానాకు మిగిలిందనుకున్న సొమ్ములో కొంత ఇలా వేరే పద్దుల్లో తేలిందనే చెప్పాలి.

2012లో రద్దయిన ఈ పద్ధతి 2015లో 'సమీకరణ భత్యం' పేరుతో మళ్లీ వచ్చింది. సంక్షేమానికి పునాది వేసిన సోషల్ డెమోక్రాట్లే 2019లో మెట్టె ఫ్రెడరిక్సెన్ నాయకత్వాన గెలిచాక కఠిన వైఖరిని కొనసాగించారు. సంక్షేమాన్ని కాపాడటానికే అని వారి వాదన. పాశ్చాత్యేతర దేశాల నుంచి వచ్చినవారు, వారి సంతతి వల్ల 2018లో ఖజానాపై నికర భారం సుమారు 3,100 కోట్ల క్రోనర్లని ఆర్థిక శాఖ లెక్కగట్టింది. పాశ్చాత్య దేశాల వలసదారులు అదే లెక్కలో మిగులు చూపారు. ఈ తేడాలో ప్రధాన పాత్ర ఉపాధిది.